అప్పజెప్పడం మేలా, మళ్ళీ చదవడం మేలా? తరగతిలోనే తేల్చుకోండి

గుంటూరులో డిగ్రీ పిల్లలకు 20 ఏళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. జ్ఞాపకశక్తి పాఠం చెప్పడం కంటే చేయించడం తేలిక. కావలసినవల్లా ఠావు కాగితాలు, ఒక గడియారం, వారం ఓపిక.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చేసిన ప్రయోగమే దీనికి మూలం. ఒక భాగాన్ని రెండుసార్లు చదివినవారు ఐదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తు తెచ్చుకున్నారు. ఒకసారి చదివి, చూడకుండా రాసినవారు 75 శాతమే. వారం గడిచేసరికి లెక్క తిరగబడింది: చదివినవారికి 42, రాసినవారికి 56. మన పాత బడుల్లో మాస్టారు పాఠం అప్పజెప్పించుకున్నది ఇందుకేనేమో! బెత్తం మాత్రం అనవసరం.

ముందు ఒక పేజీ పాఠం ఎంచుకోండి. నేను తప్పు చేసింది ఇక్కడే. మొదటిసారి ప్రకాశం బ్యారేజీ గురించి రాసి ఇచ్చాను. అది 1957లో వాడుకలోకి వచ్చిందని, అంతకుముందు అక్కడ ఆనకట్ట ఉండేదని కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లలకు చదవకుండానే తెలుసు. రెండు జట్లకూ ఒకేలా మార్కులొచ్చాయి. ఇప్పుడు సముద్రపు నీటికుక్కల గురించి ఇస్తున్నాను. అసలు ప్రయోగంలోనూ అదొక అంశమే. పాఠాన్ని 30 చిన్న విషయాలుగా ముందే విడగొట్టుకుంటే దిద్దడం సులువు.

జట్లను బల్లల వరుసను బట్టి చేయవద్దు. ముందు బల్లల వాళ్లు ఇంట్లోనూ చదివేవాళ్లు. తెనాలి రైలు ఆలస్యమైతే వచ్చినవాళ్లంతా చివరి బల్లలోనే ఉంటారు. చీటీలు తీయించండి. అందరూ ఏడు నిమిషాలు చదవాలి. తర్వాతి ఏడు నిమిషాలు ఒక జట్టు మళ్ళీ చదువుతుంది, రెండోది కాగితం బోర్లించి గుర్తున్నది రాస్తుంది. తప్పులు దిద్దవద్దు. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని అనుకుంటున్నారో ఒక అంకె వేయించండి. చదివిన జట్టు ధీమా చూడముచ్చటగా ఉంటుంది.

ఐదు నిమిషాలకే అందరికీ పరీక్ష పెట్టాలని మనసు లాగుతుంది. పెడితే చదివిన జట్టు కూడా అప్పజెప్పినట్లే, ప్రయోగం చెడిపోతుంది. దానికి వేరే జట్లు కావాలి. మా తరగతిలో 40 మందే కనుక ఆ భాగం వదిలేస్తాను.

వారం తర్వాత అందరితో రాయించి, పేర్లు మడిచి, ఎవరు ఏ జట్టో తెలియని వారితో దిద్దించండి.

ఒక ఏడాది చదివిన జట్టే గెలిచింది. పిల్లలు కొన్ని కాగితాలు పక్కన పెడదామన్నారు. ఒప్పుకోలేదు. సైకాలజీ పత్రికల్లోని 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూసిన ఫలితాలు 2015లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మొదట 97 శాతం అధ్యయనాల ఫలితాలు గణాంకపరంగా నిలిచాయి, తిరిగి చేసినప్పుడు 36 శాతమే. 40 మందితో మనం చేసినది ఒక్కోసారి తిరగబడటంలో వింత లేదని అంకెలు చూపించాను. ఎం.ఏ.కు వెళ్లేవారికి ఈ ఒక్క గంట పాఠ్యపుస్తకం మొత్తం కంటే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

లెక్కలోకి రాని కాగితం ఉంటే కారణాన్ని ఫలితాల పేజీలోనే రాయించండి. ఆ ఏడాది మా పేజీ అడుగున ఉన్న కారణం: 'రైలు ఆలస్యం, రెండో వారం ఇద్దరు రాలేదు.'