రంగాల మార్పు అర్థం కావాలంటే ఇంటి నుంచి లెక్క మొదలుపెట్టండి

చిక్కడపల్లిలో గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఎకనామిక్స్ చెబుతాను. ఈ పాఠం రాగానే పుస్తకం పక్కన పెట్టించి, ఇంట్లో మూడు తరాలవాళ్లు ఏం పని చేశారో రాయమంటాను. మీరూ రాయండి.

మా తాతయ్యది నల్గొండ దగ్గర మెట్ట సేద్యం. నాన్న బాలానగర్‌లో టర్నర్, అంటే లేత్ మెషిన్ మీద ఇనుము చెక్కే పని. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా దులిపితే ఇనుప రజను గచ్చు మీద మెరిసేది. అమ్మ ఆ చొక్కాను వేరే బకెట్‌లో నానబెట్టేది. నేను పాఠాలు చెబుతాను, తమ్ముడు మాదాపూర్‌లో క్యాబ్ నడుపుతాడు.

ఇప్పుడు ఒక్కో పని ఎదుట దాని రంగం రాయండి. సేద్యం లాంటివి ప్రాథమిక రంగం, వస్తువుల తయారీ, కట్టడాలు ద్వితీయ రంగం, సేవలు తృతీయ రంగం. ఇల్లు కట్టే మేస్త్రీ ద్వితీయ రంగం, ఆ ఇల్లు అమ్మిపెట్టే బ్రోకర్ తృతీయ రంగం. గనులను కొన్ని పట్టికలు ప్రాథమిక రంగంలో, కొన్ని పరిశ్రమల్లో చూపిస్తాయి. అది చూసుకోకుండా అంకెలు పోల్చకండి.

తర్వాత దేశం లెక్క. ఆదాయం ఒక వరుస, పని ఒక వరుస. 1950-51లో దేశ ఆదాయంలో సగానికి పైగా వ్యవసాయానిదే, ఇప్పుడు సుమారు 18 శాతం. 1951లో పదిమందిలో ఏడుగురు సేద్యం మీద ఉంటే, 2023-24 శ్రామిక సర్వేలో 46 శాతం. అంటే దేశంలో పనిచేసేవాళ్లు వందమంది, ఆదాయం వంద రూపాయలు అనుకుంటే, 46 మంది పంచుకునేది 18 రూపాయలే. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. పంట తగ్గిందనుకునేరు! ఆహారధాన్యాలు 1950-51లో 5 కోట్ల టన్నుల నుంచి 2023-24కి 33 కోట్లకు పెరిగాయి. మిగతా రంగాలు ఇంకా వేగంగా పెరగడంతో వాటా తగ్గింది.

చేతిలో డబ్బు పెరిగినంత మాత్రాన రెండు పూటల తిండి నాలుగు పూటలు కాదు. ఆ డబ్బు ముందు వస్తువులకు, ఆపైన చదువుకు, వైద్యానికి, ప్రయాణాలకు పోతుంది. కోలిన్ క్లార్క్ అనే ఆర్థికవేత్త 1940లో పనివాళ్లు సేద్యం నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్నుంచి సేవలకు మళ్లుతారని చూపించాడు. మన దగ్గర మధ్య మెట్టు, అంటే ఫ్యాక్టరీ, ఇరుకు.

మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు నాన్న ఫ్యాక్టరీ మూతపడింది. మైక్రాన్ల తేడా పట్టే మనిషి ఒక అద్దాల బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాడు, సగం జీతానికి. లెక్కల్లో అది సేవారంగంలో మరో ఉద్యోగం.

అందుకే మీ కాగితంలో ఇంకో రెండు గడులు గీయండి: చేతికొచ్చిన జీతం, పీఎఫ్ ఉందా లేదా. నాన్న పేరు ఎదుట నేను రెండు వరుసలు రాశాను. మొదటిదాంట్లో పీఎఫ్ గడి నిండింది.