క్లాంపులో కత్తి బిగించి సాన పట్టే ముందు జాగ్రత్తలు

- కత్తిని, క్లాంపు దవడలను (కత్తిని రెండు వైపులా నొక్కి పట్టే భాగాలు) పొడిగుడ్డతో తుడవండి. జిడ్డు ఉంటే ఎంత బిగించినా జారుతుంది.
- పదును లేని మందపాటి వెన్ను దగ్గరే బిగించాలి. చాలా కత్తులు వెన్ను నుంచి పదును వైపు సన్నబడుతూ వస్తాయి కాబట్టి దవడలు పూర్తిగా ఆనవు. వెన్నుకు ఒక పొర మాస్కింగ్ టేపు అంటిస్తే పట్టు కుదురుతుంది, గీతలూ పడవు. అలాగని స్క్రూని బలమంతా పెట్టి తిప్పొద్దు.
- బిగించాక పిడి పట్టుకుని మెల్లగా కదపండి. ఏ కొంచెం ఊగినా సానరాయి ముట్టుకోవద్దు, కత్తికి రాయి ఆనే కోణం నిలవదు. వంటగది కత్తులకు సాధారణంగా ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు.
- వేళ్లు రాయి అంచు దాటి రాకూడదు.
- రెండో వైపు తిప్పాక బిగువు మళ్లీ చూడండి. చాలామంది వదిలేసేది ఇదే!
- విప్పేటప్పుడు ముందు పిడి పట్టుకోండి, ఆ తర్వాతే స్క్రూ.