అమ్మ ఆదరణ కూడికలో చదవడానికి జీవిత సాక్ష్యం ఎలా రాయాలి?

హనుమకొండ, కాజీపేటల్లో మాకు తెలిసినవాళ్ల ఇంట్లో ఎవరి అమ్మ ప్రభువునందు నిద్రించినా, ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు ముందురోజు రాత్రి నాకు ఫోన్ వస్తుంది: "అక్కా, కొంచెం రాసిపెట్టవా?" ఆమె బతుకు గురించి చెప్పే ఆ సాక్ష్యం ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. మూడు రోజులు పెట్టుకోండి.

నోట్‌బుక్, పెన్ను చాలు. ఫోన్‌లో రాయొద్దు, చదువుతుంటే మధ్యలో కాల్ వస్తుంది.

పుట్టిన ఊరు, పెళ్లి, బాప్తిస్మం, పిల్లలు ఆరు వాక్యాల్లో ముగించండి. తేదీలకు పెళ్లి పత్రిక, సంఘం రిజిస్టర్ చూడండి. ఆధార్‌ని నమ్మితే మన అమ్మల్లో సగం మంది జనవరి 1నే పుట్టారు.

అసలు చిక్కు ఆమె చేతిపని దగ్గరే. అందరూ "ప్రేమమూర్తి, త్యాగమూర్తి, ప్రార్థనాపరురాలు" అని రాసి, బైబిల్లో గుణవతియైన భార్యను పొగిడే సామెతలు 31 చదివేస్తారు. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ పేరు మారిస్తే అదే కాగితం పక్కింటి ఆమెకూ సరిపోతుంది. నేనైతే అపొస్తలుల కార్యములు 9కి వెళ్తాను. యొప్పేలో తబితా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు పేతురుకు చూపించారు. మీరూ అదే చేయండి.

ఆమె బీరువా తెరవండి. పాత చీరల బొంత, చర్చిలో ప్రభువు బల్ల గుడ్డకు అల్లిన క్రోషా లేసు, చార్ట్ పేపర్‌తో చేసిన క్రిస్మస్ స్టార్... ఒక్కటే ఎంచుకోండి. రెండోది రాశారంటే అది సామాన్ల చిట్టా అయిపోతుంది. ఆ పని ఎవరు నేర్పారు? ఏ వేళప్పుడు కూర్చునేది? నూలు కొనేదా, కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల దగ్గర మిగిలింది అడిగి తెచ్చేదా? నాన్నను అడిగి లాభం లేదు, ఆయనకు తెలియదు. చిన్నమ్మనో, స్త్రీల సమాజం వాళ్లనో అడగండి.

మా అమ్మ గురించి నేను "పండుగకు సకినాలు చేసేది" అని రాస్తే మా చిన్నమ్మ కోప్పడింది. "అందరం మూడు చుట్లు చుడితే మీ అమ్మ నాలుగు చుట్టేది. సండే స్కూల్ పిల్లలకు సగం విరిచిచ్చినా చెయ్యి నిండాలని. అది రాయవా?" ఇరవై ఏళ్లు తిన్నాను, ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

ఆమె కోపం కూడా ఒక వాక్యం రాయండి. ప్రసంగం సాగితే గడియారం చూసేదా? రాయండి, పాస్టర్ గారు ఏమీ అనుకోరు.

చదవడం ఐదు నిమిషాలు దాటకూడదు. చిన్న కొడుక్కి ఇవ్వొద్దు, రెండో లైన్‌కే ఏడుస్తాడు, కోడలికివ్వండి. ఆ వస్తువును ఫొటో పక్కన పెట్టండి. లేసైతే దాని మీద పూలు పెట్టొద్దు, బంతిపూల మరక పోదు.