ఇంట్లో ఏఐ, 4వ పాఠం: అప్‌డేట్ చేశాక చాట్లన్నీ ఎటు పోయాయి?

ఈ పాఠంలో మోడళ్ల సెట్టింగులు చూడాల్సింది. కానీ పోయిన పాఠం చదివి ఓపెన్ వెబ్‌యూఐకి (సొంత మెషీన్లోని ఏఐతో బ్రౌజర్‌లో చాట్ చేసే యాప్) కొత్త వెర్షన్ వేసుకున్నవాళ్లలో చాలామందికి పాత చాట్లు మాయమై, అకౌంట్ తెరవమనే పేజీ మళ్లీ వచ్చింది. ముందు దాని సంగతి తేలుద్దాం.

ఆ పేజీలో కొత్త అకౌంట్ తెరవకండి. అది వచ్చిందంటే యాప్‌కి ఖాళీ డేటాబేస్ దొరికిందన్నమాట. పాతది చాలావరకు డిస్క్ మీదే భద్రంగా ఉంటుంది.

చాట్లు, అకౌంట్లు అన్నీ వెబ్‌యూఐ డీబీ అనే ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. యాప్‌ని డాకర్ అనే సాఫ్ట్‌వేర్ కంటైనర్‌లో, అంటే విడిగా ఉండే డబ్బాలాంటి చోట నడుపుతుంది. దాని లోపల ఆ ఫైలుండే ఫోల్డరుకి, రన్ కమాండ్‌లో హైఫన్ వి పెట్టి వాల్యూమ్ (కంటైనర్ బయట డేటా దాచే చోటు) తగిలించాం. అప్‌డేట్‌లో పారేసేది కంటైనర్‌నే, వాల్యూమ్‌ని కాదు. మరి చిక్కెక్కడ? వాల్యూమ్ పేరులో. మీరిచ్చిన పేరుతో వాల్యూమ్ లేకపోతే డాకర్ ఆ మాట చెప్పదు, గుట్టుచప్పుడు కాకుండా ఖాళీది ఒకటి తయారుచేసి తగిలిస్తుంది. హైఫన్ ఉండాల్సిన చోట అండర్‌స్కోర్ కొట్టారా, కొత్త వాల్యూమ్. చివర ఒక అక్షరం ఎక్కువైందా, ఇంకొకటి. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో హెచ్చరికా ఉండదు.

రన్ కమాండ్ బదులు, సెట్టింగులన్నీ ఒక యామల్ ఫైల్లో రాసి నడిపే డాకర్ కంపోజ్‌కి మారినవాళ్లది ఇంకో తిప్పలు. వాల్యూమ్ పేరుకి ముందు అది ఆ ఫైలున్న ఫోల్డర్ పేరు తగిలిస్తుంది. అందుకే పేరు సరిగ్గా రాసినా పాత డేటా కనపడదు. తర్వాతెప్పుడైనా ఫోల్డర్ పేరు మార్చినా ఇదే కథ. యామల్ ఫైల్లో ఆ వాల్యూమ్ కింద ఎక్స్‌టర్నల్ ట్రూ అని రాయండి. అప్పుడు పేరు ముందు ఏదీ చేరదు, వాల్యూమ్ దొరక్కపోతే కంపోజ్ అక్కడే ఆగి ఎర్రర్ ఇస్తుంది. నాకు కావాల్సింది ఆ ఎర్రరే.

ఏ వాల్యూమ్‌లు ఉన్నాయో డాకర్ వాల్యూమ్ ఎల్‌ఎస్ కొట్టి చూడండి. దగ్గరదగ్గర పేర్లు రెండు కనపడితే ఇప్పటి కంటైనర్‌ని తీసేసి, పాత పేరుతో మళ్లీ రన్ చేయండి. హైఫన్ వి అసలు పెట్టనివాళ్లు, ఆగినవాటితో సహా కంటైనర్లన్నీ చూపే డాకర్ పీఎస్ హైఫన్ ఏ చూడాలి. పాత కంటైనర్ ఆగిపోయి ఉన్నా సరే, కాపీ చేసే డాకర్ సీపీతో డేటా ఫోల్డర్‌ని బయటికి తీయొచ్చు. ఆ కంటైనర్‌ని ఆర్‌ఎమ్‌తో చెరిపేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి.

ఇకమీదట వరస ఇది: స్టాప్, డేటా ఫోల్డర్ సీపీ, పుల్ (కొత్త ఇమేజ్ని, అంటే యాప్ ప్యాకేజీని దించుకోవడం), ఆర్‌ఎమ్, రన్. ఆపకుండా కాపీ చేస్తే ఫైలు రాత మధ్యలో చిక్కొచ్చు. రీస్టార్ట్ కొడితే కొత్త వెర్షన్ రాదు, పాత ఇమేజే మళ్లీ లేస్తుంది. ఇమేజ్ పేరు చివర నేనైతే ఎప్పటికప్పుడు తాజా వెర్షన్‌కి మారిపోయే మెయిన్ ట్యాగ్ వాడను, వెర్షన్ నంబరే రాస్తాను. కొత్త వెర్షన్ డేటాబేస్ పట్టికల్ని మార్చేస్తే పాత వెర్షన్‌కి అవి అర్థం కాకపోవచ్చు. వెనక్కి రావాలంటే ఆ కాపీయే దిక్కు. రన్ కమాండ్‌ని ప్రతిసారీ టైప్ చేయకుండా ఒక షెల్ ఫైల్లో పెట్టుకోండి, అక్షరదోషాల గొడవే ఉండదు.

అప్‌డేట్ అయిన ప్రతిసారీ లాగిన్ అడుగుతుంటే లాగిన్లని గుర్తించే రహస్య పదమైన వెబ్‌యూఐ సీక్రెట్ కీని మీరే ఒకటి నిర్ణయించి ఆ షెల్ ఫైల్లోనే రాయండి. మోడళ్లని నడిపే ఒల్లామా కనపడనివాళ్లు లినక్స్‌లో, కంటైనర్‌కి మీ మెషీన్‌ని చూపే యాడ్ హోస్ట్ వరుసని రన్ కమాండ్‌లో వదిలేశారేమో చూసుకోండి. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ మెషీన్ కాదు.

అభ్యాసం: కాపీ తీసుకుని, కంటైనర్‌నీ వాల్యూమ్‌నీ రెండింటినీ చెరిపేయండి. ఆ కాపీ నుంచి వేరే పేరున్న వాల్యూమ్‌లోకి డేటా తెచ్చి, పోర్ట్ 3000 బదులు 3001 మీద, పాత పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవ్వాలి. దీనికి ముందు కాపీలో వెబ్‌యూఐ డీబీ ఫైలు ఉందో లేదో, దాని సైజు సున్నా కాదు కదా, చూసుకోండి.