సియాటిల్ నుంచి మినియాపోలిస్‌కి కారులో: తిరుగు ప్రయాణం గురించి ఎవరూ చెప్పని సంగతులు

వెళ్ళేటప్పుడు అందరూ బ్రహ్మాండంగా ప్లాన్ చేసుకుంటారు. ఏ పార్కు, ఏ హోటల్, ఎక్కడ భోజనం, అన్నిటికీ ఎక్సెల్ షీటు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం "ఇంక చూసేదేముంది, డ్రైవింగ్ మార్చుకుంటూ తోలేస్తే రెండు రోజుల్లో ఇంట్లో ఉంటాం" అంటారు. మేమూ మొదటిసారి అలాగే అనుకున్నాం. సియాటిల్ పక్కన బోతెల్‌లో మా అక్కావాళ్ళిల్లు, అక్కడి నుంచి మినియాపోలిస్‌లో మా ఇంటికి 1,650 మైళ్ళ పైచిలుకు. మా బావగారు కాఫీ తాగుతూ మా ఆయనతో "ఏముందండీ, రోడ్డంతా ఖాళీ, రెండు రోజుల్లో కొట్టేయొచ్చు" అన్నారు. తోడల్లుడి ముందు తగ్గడం ఎందుకని ఈయన సరేనన్నారు. రెండో రోజు రాత్రి పదకొండు దాటాక నార్త్ డకోటాలో ఈయన కళ్ళు మూతలు పడుతున్నాయి, నేను మాట్లాడిస్తూ కూర్చున్నాను, ఉన్నట్టుండి హెడ్‌లైట్ల వెలుగులో ఒక జింక. రోడ్డు మధ్యలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. తగల్లేదు, దేవుడి దయ. కానీ ఆ తర్వాత రెండుసార్లు అదే దారిలో వచ్చాం, రెండుసార్లూ నాలుగు రోజులు పెట్టుకున్నాం.

ముందు గడియారం సంగతి. పడమర నుంచి తూర్పుకి వస్తున్నారు కాబట్టి దారిలో రెండు గంటలు మాయమవుతాయి. ఐడహో దాటి మోంటానాలో అడుగుపెట్టగానే ఒకటి, నార్త్ డకోటాలో డికిన్సన్ దాటాక ఇంకొకటి. వెళ్ళేటప్పుడు ఇవే రెండు గంటలు పుణ్యానికి కలిసొచ్చాయి కదా, ఆ లెక్కే బుర్రలో ఉండిపోతుంది, "వెళ్ళేటప్పుడు సాయంత్రం అయిదింటికల్లా చేరాం" అని. తిరిగొచ్చేటప్పుడు అదే దూరానికి ఏడవుతుంది. అందుకని హోటల్ బుక్ చేసేటప్పుడు మైళ్ళు కాదు, గంటలు చూడండి, అదీ చేరే ఊరి టైములో.

మేం పెట్టుకునే వరస ఇది. మొదటి రోజు సియాటిల్ నుంచి మిజూలా, 475 మైళ్ళు. రెండో రోజు మిజూలా నుంచి బిల్లింగ్స్ మీదుగా మైల్స్ సిటీ, 490. బిల్లింగ్స్ దగ్గర ఐ-90 వదిలేసి ఐ-94 ఎక్కాలి, ఆ రోడ్డు మొదలయ్యేదే అక్కడ. మూడో రోజు మైల్స్ సిటీ నుంచి బిస్మార్క్, 270 మైళ్ళే. తక్కువేమిటని అనుకోకండి, చూడాల్సినవి ఎక్కువగా ఆ రోజే ఉన్నాయి. నాలుగో రోజు బిస్మార్క్ నుంచి ఇంటికి 430. మీకు మూడు రోజులే ఉంటే మొదటి రోజు ఇంకొంచెం ముందుకు బోజ్‌మన్ దాకా లాగండి గానీ ఆఖరి రోజు మాత్రం పొడిగించకండి. ఇల్లు దగ్గరపడే కొద్దీ కాలు యాక్సిలరేటర్ మీద తెలియకుండానే బరువెక్కుతుంది.

వేసవిలో ఇక్కడి వెలుగు మోసం చేస్తుంది. జూన్‌లో బిస్మార్క్ చుట్టుపక్కల రాత్రి తొమ్మిదిన్నర దాటినా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. "ఇంకా పొద్దుంది కదా, ఇంకో గంట వెళ్దాం" అనిపిస్తుంది. సరిగ్గా ఆ గంటలోనే జింకలు రోడ్డెక్కుతాయి. మునిమాపు, తెల్లవారుజాము, ఈ రెండూ వాటి వేళలు. పొద్దు ఎంత ఉన్నా సరే, ఎనిమిదింటికల్లా హోటల్ గదిలో ఉండాలని మా ఇంట్లో ఇప్పుడు రూలు. ఒకవేళ జింక ఎదురైతే స్టీరింగ్ పక్కకి తిప్పేయకండి, తిన్నగానే ఉంచి బ్రేకు వేయండి, ఎందుకంటే 75, 80 మైళ్ళ వేగంలో పక్కకి కోస్తే కారు పల్టీ కొట్టే ప్రమాదం జింక తగలడంకంటే పెద్దది. ఒకటి దాటిపోయింది కదాని వెంటనే వేగం పెంచొద్దు, వెనకే ఇంకోటి వస్తుంది.

మోంటానాలో ఊళ్ళ బయట ఇంటర్‌స్టేట్ మీద పరిమితి 80. అంత వేగం అలవాటు లేకపోతే కుడి లేన్‌లో 70లో పోండి, ఎవరూ ఏమీ అనుకోరు. పోలీసు ఆపితే పక్కకి తీసి కారులోనే కూర్చోండి, చేతులు స్టీరింగ్ మీద. మనూళ్ళో లాగా దిగి, నవ్వుతూ ఆయన దగ్గరకు నడిచి వెళ్ళడం అస్సలు కుదరదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కారులో ఉంటే వాళ్ళకీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి, మా మామగారు అప్పటికే తలుపు సగం తీసేశారు.

గ్యాస్ (అంటే పెట్రోలు) విషయంలో సగం ట్యాంకు రూలు చాలు, సగానికి రాగానే పోయించుకోండి. మోంటానా తూర్పు భాగంలో "సర్వీసులు లేవు" అని రాసి ఉన్న ఎగ్జిట్లు వరసగా వస్తాయి, బాత్రూముకి కూడా ఇదే లెక్క. పంపు దగ్గర ఒక్క క్షణం ఆగి బటన్ చూసి నొక్కండి. రాకీ పర్వతాల వైపు రాష్ట్రాల్లో కొన్నిచోట్ల అన్నిటికంటే చవకది 85 ఆక్టేన్ ఉంటుంది. మన కార్ల పుస్తకాల్లో ఎక్కువగా 87కి తగ్గొద్దని ఉంటుంది, కాబట్టి దాని పక్క బటనే మనది. ఇంకా తూర్పుకి వచ్చాక ఈ85 అని ఇంకోటి కనిపిస్తుంది, అది ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకే, ధర చూసి ఆశపడొద్దు.

గ్యాస్ పోసినప్పుడల్లా అద్దం కూడా తుడవాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ జులై నెలాఖరులో మిడతలు, పురుగులు అద్దానికి కొట్టుకుని, పసుపుపచ్చగా పేస్టులా అంటుకుంటాయి. వైపర్ వేశారా, అంతే, అద్దమంతా పులుముకుంటుంది, ఎదురెండలో ఏమీ కనపడదు. స్టేషన్‌లో బకెట్‌లో ఉండే స్పాంజి కర్రతో ముందు బాగా తడపండి, ఒక నిమిషం నాననివ్వండి, అప్పుడు తుడవండి. వాషర్ నీళ్ళు ఒక గ్యాలన్ డబ్బా డిక్కీలో పడేసుకోండి.

గాలి గురించి నాకు ఎవరూ చెప్పలేదు. మోంటానాలో లివింగ్‌స్టన్ దగ్గర గాలి పెట్టింది పేరు, పెద్ద ట్రక్కులే ఊగుతాయి. కారు మీద సామాను పెట్టె బిగించుకుంటే అక్కడ వేగం తగ్గించి రెండు చేతులతో పట్టుకోవాలి. దాటాక కూడా ఈ మైదానాల్లో అడ్డం లేదు, చెట్టు లేదు, గాలికి ఎదురు లేదు. ఒక రెస్ట్ ఏరియాలో మా అమ్మాయి తలుపు ఇలా తీసిందో లేదో గాలి దాని చేతిలోంచి లాక్కుని పక్కనున్న పికప్ ట్రక్కుకి కొట్టేసింది. ఆ పెద్దాయన తన బండి మీద గీత చూసి, "నిన్న నాదీ ఇంకొకరికి తగిలింది" అని నవ్వి వెళ్ళిపోయాడు. అందరూ అలా వెళ్ళిపోరు. పిల్లలకి తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయడం నేర్పండి, వీలైతే గాలికి ఎదురుగా కారు ముఖం పెట్టి పార్క్ చేయండి.

ఉరుములు, వడగళ్ళు వేసవి సాయంత్రాల్లో మామూలే. ఇక్కడ తెలుసుకోవాల్సింది రెండు మాటలు. వాచ్ అంటే వచ్చే అవకాశం ఉంది, ఆకాశం గమనిస్తూ ఉండండి అని. వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా వస్తోంది, వెంటనే లోపలికి పొండి అని. రేడియోలో హెచ్చరిక చెప్పేటప్పుడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లు చదువుతారు, మనకేమో ఏ కౌంటీలో ఉన్నామో తెలియదు, వింటాం గానీ అది మనకా కాదా అర్థం కాదు. అందుకని పక్క సీట్లో ఉన్నవాళ్ళ పని ఇది: దాటిన ప్రతి కౌంటీ బోర్డూ చదవడం. మా అబ్బాయికి ఇదో ఆట అయిపోయింది. మబ్బు నల్లగా, కింద ఆకుపచ్చ రంగులో కనిపిస్తే దాని కిందకి దూసుకెళ్ళి దాటేద్దామనుకోకండి, ముందున్న ఎగ్జిట్ తీసుకుని ఏదైనా గట్టి బిల్డింగ్‌లోకి వెళ్ళి అరగంట కూర్చోండి. ఫ్లైఓవర్ కింద ఆగడం మాత్రం వద్దు, టోర్నడో గాలి అక్కడ ఇంకా ఉధృతంగా దూసుకొస్తుంది, పైగా రోడ్డూ బ్లాక్ అవుతుంది.

ఇక తిండి. బిల్లింగ్స్ నుంచి ఫార్గో దాకా మన భోజనం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, శాకాహారులైతే మరీ. టాకో బెల్‌లో మాంసం బదులు బీన్స్ వేయమంటే వేస్తారు, సబ్‌వే ఉంటుంది, చీజ్ పిజ్జా ఉంటుంది, మూడో పూటకి పిల్లలు కూడా అన్నం అంటారు. బయలుదేరే ముందు రాత్రి అక్కావాళ్ళ వంటగదిని మా అత్తగారు స్వాధీనం చేసుకుంటారు. చింతపండు పులిహోర మొదటి రోజుకి, అన్నం చల్లారాకే కలపాలి, తడి చెంచా తగలకూడదు. పెరుగన్నానికి ఆవిడ పద్ధతి నాకు బాగా నచ్చింది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు బాగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి పొద్దున్నే డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. పెరుగే పోసి కలిపారా, పన్నెండింటికే నోట్లో పెట్టుకోలేరు. ఒకటే గుర్తుంచుకోండి, దాన్ని ఆ మధ్యాహ్నమే తినేయాలి, మిగిలింది పారేయాలి, ఎండలో కారులో సాయంత్రం దాకా ఉంచేది కాదు. తర్వాతి రోజులకి చపాతీలు, కందిపొడి, జంతికలు, ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్. హోటల్ గదిలో అన్నం వరకే పెట్టుకోండి, పోపు జోలికి పోకండి. ఎండుమిర్చి వేగితే స్మోక్ అలారం మోగుతుంది, రాత్రి తొమ్మిదింటికి అందరూ నైటీలతో పార్కింగ్ లాట్‌లో నిలబడాల్సి వస్తుంది. ఎలా తెలుసని అడక్కండి.

ఐస్ బాక్స్‌లో ఐస్ ముక్కల బదులు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టండి, కరిగినా డబ్బాల్లోకి నీళ్ళు పోవు, కరిగాక తాగొచ్చు. పెద్దవాళ్ళ ఇన్సులిన్ ఉంటే నేరుగా గడ్డకి ఆనించకుండా గుడ్డలో చుట్టి పైన ఉంచండి. ఆవకాయ సీసాకి రెండు కవర్లు. మా పాత కారు అమ్మేసేదాకా ఆవకాయ నూనె వాసన పోలేదు.

కాగితాల దగ్గర ఒక చిన్న పిట్టకథ. ఐ-94 రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ఐ-94 కాగితం (అమెరికాలోకి ప్రవేశించిన రికార్డు) దగ్గర పెట్టుకోమని నేను చెబితే మా మామగారు "రోడ్డు మీద రోడ్డు పెట్టుకోవడమేంటమ్మా" అన్నారు. వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్ట్, ఐ-94 ప్రింటు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఆ కార్డు వెంట ఉంచుకోవాలి, చట్టం కూడా అదే చెబుతుంది. మ్యాపులు ముందే ఫోన్‌లోకి దింపుకోండి, సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉన్నాయి.

ఆగాల్సిన చోట్లు ఎక్కువ చెప్పను, మూడే. బిల్లింగ్స్ దాటాక 23వ ఎగ్జిట్ దగ్గర పాంపీస్ పిల్లర్ అనే రాతిగుట్ట. పసిఫిక్ తీరానికి దారి వెతుకుతూ వెళ్ళిన లూయిస్, క్లార్క్ యాత్రలో క్లార్క్ 1806 జులై 25న దాని మీద తన పేరు చెక్కాడు, ఇప్పటికీ అద్దం వెనక కనిపిస్తుంది. ఆయనా పసిఫిక్ చూసి ఇంటికి తిరిగొస్తూనే ఇక్కడ ఆగాడు, వెంట ఆ యాత్రకి తోడొచ్చిన షోషోనీ తెగ మహిళ సకాజవేయా, ఆమె పసివాడు ఉన్నారు. గుట్టకి ఆ పిల్లాడి ముద్దుపేరే పెట్టాడు. అక్కడి నుంచి గ్లెండైవ్ దాకా ఎల్లోస్టోన్ నది పక్కనే వస్తూ ఉంటుంది.

రెండోది నార్త్ డకోటాలో పెయింటెడ్ కాన్యన్, 32వ ఎగ్జిట్. హైవే దిగి రెండు నిమిషాలు నడిస్తే, అప్పటిదాకా పళ్ళెంలా ఉన్న నేల కాళ్ళ కింద ఒక్కసారిగా విరిగి ఎరుపు, బూడిద, ఊదా చారలతో లోయ అయిపోతుంది. ఇది థియోడర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్కులో భాగం, పార్కు లోపలికి వెళ్ళాలంటే మెడోరా దగ్గర టికెట్టు. అడవిదున్నలు రోడ్డు మీదకే వస్తాయి, కనీసం 25 గజాల దూరం ఉంచండి, సెల్ఫీ కోసం దిగొద్దు. గడ్డిలో చెప్పులతో నడవొద్దు, పాములున్నాయి.

మూడోది ఆగకపోయినా కనిపిస్తుంది. న్యూ సేలం దగ్గర గుట్ట మీద సేలం స్యూ అనే ఆవు బొమ్మ, 38 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడవు, 1974లో కట్టారు. మన లేపాక్షి బసవన్నకంటే పెద్దది. మా అత్తగారు కారులోంచే దణ్ణం పెట్టారు. అంతకుముందు గంట నుంచీ పసుపుపచ్చగా పూసిన కనోలా (ఆవ లాంటి నూనెగింజల పంట) చేలు చూసి "ఇంత ఆవ ఎవరు తింటారే వీళ్ళు" అంటున్నారు.

షికాగో వెళ్ళేవాళ్ళు ఐ-90 మీదే సౌత్ డకోటా గుండా పోవచ్చు, మౌంట్ రష్‌మోర్, బ్యాడ్‌లాండ్స్ అటే ఉన్నాయి. ఆగస్టు మొదట్లో మాత్రం స్టర్జిస్ మోటార్‌సైకిళ్ళ జాతర ఉంటుంది, ర్యాపిడ్ సిటీ చుట్టుపక్కల గది దొరకడం కష్టం, దొరికినా రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

ఆఖరి రోజు ఆదివారం కాకుండా చూసుకోండి. ఫార్గో దాటాక మినెసోటాలో చెరువుల పక్కన క్యాబిన్లకి వెళ్ళిన జనమంతా ఆదివారం మధ్యాహ్నం పడవలు కట్టుకుని ఒకేసారి తిరిగొస్తారు. సెయింట్ క్లౌడ్ నుంచి మేపుల్ గ్రోవ్ దాకా పాకుతారు. శనివారం వచ్చేయండి. ఇంట్లో సామాను దింపి, స్నానాలు చేసి పడుకునే ముందు ఒక పాత టవల్ తడిపి కారు బంపర్ మీద, అద్దం మీద కప్పి వదిలేయండి. పొద్దునకి మిడతలన్నీ మెత్తబడి గొట్టం నీళ్ళకే ఊడిపోతాయి. రెండు రోజులు ఎండబెట్టారంటే పెయింటు కూడా దాంతోపాటే వస్తుంది.