బేబీ బూట్‌లెగర్ మోడల్: వార్నిష్ వేశాక బయటపడే తప్పులు

1924లో న్యూయార్క్‌లోని సిటీ ఐలండ్‌లో, నెవిన్స్ యార్డులో మహాగని చెక్కతో కట్టిన రేసింగ్ బోటు బేబీ బూట్‌లెగర్. డిజైన్ జార్జ్ క్రౌచ్‌ది, బోటు కేలబ్ బ్రాగ్‌ది. అమెరికా మోటారు బోట్ల పందెం గోల్డ్ కప్‌లో 1924, 1925 కప్‌లు రెండూ దీనికే దక్కాయి. మొదటి ఏడాది కెనడా బోటు రెయిన్‌బో 4 ముందొచ్చింది కానీ, దాని అడుగు పలకల అమరిక నిబంధనలకు విరుద్ధమని పక్కన పెట్టేశారు. పలకల దగ్గర తేడా వస్తే అసలు బోటుకే దిక్కులేదు, మన బొమ్మ సంగతి చెప్పాలా!

బోటు పొడవు దాదాపు 30 అడుగులు. అంటే 1:12 స్కేల్లో రెండున్నర అడుగుల మోడల్. దీంట్లో కష్టమంతా డెక్కు (బోటు పైభాగం), పక్క గోడ కలిసేచోటే. అక్కడ అంచు ఉండదు, గుండ్రంగా తిరిగిపోతుంది. ఆ వంపు మీద ఏ తప్పూ దాగదు.

సమస్య: మెరుపులో పక్కటెముకలు కనిపిస్తున్నాయి

నా మొదటి మోడల్‌కి ఇదే జరిగింది. ఎమరీ పేపర్ వేళ్లకు చుట్టుకుని రుద్దాను. చేత్తో తడిమితే వెన్నలా ఉంది. మూడో కోటు ఆరాక ట్యూబ్‌లైట్ కింద పెడితే బక్క గేదె నిలబడ్డట్టుంది.

కారణం: మోడల్లో పక్కటెముకల్లా నిలబెట్టిన ఫ్రేముల మీద సన్నటి చెక్క పట్టీలు అంటిస్తాం. ఫ్రేముల మధ్య ఆ పట్టీలకు ఆధారం లేదు. రుద్దుతుంటే అవి వేలి ఒత్తిడికి లోపలికి దిగుతాయి, ఫ్రేము మీద మాత్రం గట్టిగా నిలబడి ఎక్కువ అరుగుతాయి. అలా ఎత్తుపల్లాలు పడతాయి.

వార్నిష్ దాకా ఆగకుండా ముందే పట్టుకోవచ్చు. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడవండి. కొన్ని క్షణాలు చెక్క వార్నిష్ వేసినట్టే మెరుస్తుంది. ఆలోపు చెక్క మీద మెరిసే ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. ప్రతిబింబం వంకర తిరిగినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

పరిష్కారం: లోపలికి చెయ్యి పోయేట్టుంటే పట్టీల వెనక పల్చగా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పూసి గట్టిపడనివ్వండి. తర్వాత జానెడు పొడవు చదునైన చెక్కకు ఎమరీ అంటించి, ఏటవాలుగా రుద్దండి. పట్టీ ఇప్పటికే ఒక మిల్లీమీటరు కంటే పల్చబడిందా? ఇక రుద్దొద్దు. లప్పం పెడితే మహాగని రంగులో మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పల్లాలు మాత్రం పూడ్చి, మొత్తం మీద పల్చటి మహాగని వెనీర్ (కాగితంలా కోసిన చెక్క పొర) పట్టీలు రెండో పొరగా అంటించుకోవడమే మేలు. పని రెట్టింపే, కానీ నేను చివరికి అదే చేశాను. ఇప్పుడైతే పట్టీలు వేయకముందే ఫ్రేముల మధ్య బాల్సా (చాలా తేలికైన మెత్తటి చెక్క) ముక్కలు నింపేస్తున్నాను.

సమస్య: గుండ్రటి వంపు దగ్గర పట్టీ విరుగుతోంది, లేదా అంచు లేస్తోంది

పట్టీ చదును వైపు వంగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. అంచు వైపు మాత్రం వంగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. ఈ వంపులో 2–3 మిల్లీమీటర్ల సన్న పట్టీలే వాడండి, చివర్లు ఇంకా సన్నగా చెక్కండి. వేడినీళ్లలో నానబెట్టి, వంచి, క్లిప్పులు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. తడిగా ఉండగానే జిగురు పెడితే పట్టీ ఆరి కుంచించుకుని, పక్కపట్టీతో సందు పడుతుంది.

సమస్య: బోటు మెలి తిరిగింది

ఒకవైపు మొత్తం పూర్తిచేసి రెండోవైపు మొదలుపెట్టారన్నమాట. కుడి ఒకటి, ఎడమ ఒకటి వేసుకుంటూ రావాలి. పట్టీలన్నీ అతికాక మెలి తీయడం కుదరదు, కొత్తది మొదలుపెట్టుకోండి.

సమస్య: స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) వేస్తే పాలిపోయిన మచ్చలు

అవి జిగురు మరకలు. జిగురు పీల్చిన చెక్క రంగు పీల్చదు. బ్లేడుతో గీకి, రుద్ది, మళ్లీ స్టెయిన్ వేయాలి.

సమస్య: మెరుపు పాలలా తెల్లబడింది

కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో ఇది మామూలే. వార్నిష్ బదులు లాకర్ (lacquer, త్వరగా ఆరే మెరుపు పూత) వాడితే, అందులోని థిన్నర్ గబగబా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పడుతుంది. టెన్షన్ పడి గీకేయకండి. పొడిగా ఎండ కాసిన మధ్యాహ్నం థిన్నర్‌లో కొంచెం రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపి, దూరం నుంచి పల్చగా స్ప్రే చేయండి. చాలాసార్లు ఆ తెలుపు కళ్లముందే కరిగిపోయి, కింద ఎర్రటి మహాగని తేలుతుంది.