కస్టర్డ్ పై (pie) అడుగు తడిసిపోకుండా

కడప ఎండల్లో కస్టర్డ్ పై (మైదా అడుగులో పాలు, గుడ్ల కస్టర్డ్ పోసి కాల్చే వంటకం) చేస్తే రెండు తప్పులు పదే పదే వచ్చేవి: అడుగు ముద్దగా ఉండేది, పైన కస్టర్డ్ విరిగి నీళ్లొదిలేది.

ముందు అడుగు సంగతి. 200 గ్రాముల మైదాకు 100 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు. వెన్న గట్టిగా ఉండాలి. కరిగి పిండిలో ఇంకిపోతే అడుగు గుల్లగా రాదు. మే నెలలో మన వంటింట్లో వెన్న ఎంతోసేపు నిలవదు. అందుకే మైదా, గిన్నె కూడా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామునే కలుపుతాను. వేళ్ల కొసలతో రవ్వలా నలిపాక మూడు నాలుగు చెంచాల ఐస్ నీళ్లు చాలు. చపాతీ పిండిలా మర్దించకూడదు. 20 సెంటీమీటర్ల టిన్నులో పరిచి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, బేకింగ్ పేపర్ వేసి పైన ఎండు శనగలు నింపి ఓవెన్‌లో 190 డిగ్రీల్లో 15 నిమిషాలు. శనగలు తీసేసి ఇంకో 10. వేడి మీదే తెల్లసొన పూసి రెండు నిమిషాలు మళ్లీ లోపల పెడితే, సన్నని పొర కట్టి పాలను కిందికి దిగనివ్వదు. అసలు మందు ఇదే.

కస్టర్డ్‌కు 400 మి.లీ. చిక్కటి పాలు, 3 గుడ్లు, 80 గ్రాముల చక్కెర. గుడ్లు, చక్కెర నురగ రాకుండా కలిపి, గోరువెచ్చని పాలు పోసి వడగట్టి, కాల్చిన అడుగులో పోసి, పైన జాజికాయ తురమాలి. 150 డిగ్రీల్లో 35-40 నిమిషాలు. గుడ్డు వేడి 85 డిగ్రీలు దాటితే విరుగుతుంది. అంచులు గట్టిపడి, నడుమ మాత్రం జున్నులా వణుకుతున్నప్పుడే తీసేయాలి. మిగతాది ఆ వేడికే బిగుస్తుంది. చిన్న ఓటీజీలో (కరెంటు ఓవెన్) పైన వేడెక్కే కడ్డీ ఆపేయండి, లేకపోతే పైపొర ఉబ్బి పగులుతుంది. కోయడం రెండు గంటల తర్వాతే.